ఒకే మాత్ర, ఒకరికి మందు, ఇంకొకరికి ముప్పు: అజాథయోప్రిన్ కథ

మా కణేకల్‌లో మా చిన్నాయన కొడుక్కి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగులో పుండ్లు. రోజుకు పదిసార్లు రక్తవిరేచనాలు. స్టెరాయిడ్ ఎన్నాళ్లని వాడతాం అని డాక్టరు అజాథయోప్రిన్ రాసిచ్చినారు. మూడు వారాలకు దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వచ్చేది. ఎండలకేమో అనుకున్నాం. తర్వాత జ్వరం. బళ్లారికి తీసుకుపోయి రక్తం చూపిస్తే తెల్లకణాలు 1,100. కనీసం 4,000 ఉండాల.

డోసు ఎక్కువైందా అంటే, కాదు. తేడా వాడి జన్యువులో ఉంది.

ఈ మందు ఒంట్లోకి పోయి థయోగ్వానిన్ అనే పదార్థంగా మారి, పేగు మీద దాడిచేసే తెల్లకణాలు పెరక్కుండా ఆపుతుంది. పని అయ్యాక దాన్ని విరగ్గొట్టే ఎంజైముల్లో ఎన్‌యూడీటీ15 ఒకటి. నేను కోడింగ్ చేసినోణ్ని కదా, నాకిట్లా అర్థమైంది: క్లీనప్ జాబ్ ఆగిపోతే సర్వర్ మెమరీ నిండిపోతుంది. ఇక్కడ నిండేది ఎముక మజ్జలో. కొత్త కణాలు పుట్టడమే ఆగిపోతుంది.

పడమటి దేశాల్లో చాలాకాలం టీపీఎంటీ అనే ఇంకో జన్యువునే చూసేవాళ్లు. యూరప్ వాళ్లకు అది సరిపోయింది. మా సాఫ్ట్‌వేర్‌లో "నా మెషిన్‌లో బాగానే నడుస్తోంది" అంటాం చూడండి, అట్లా! 2014లో కొరియా పరిశోధకులు ఎన్‌యూడీటీ15ని బయటపెట్టినారు. మన హైదరాబాద్ ఏఐజీలో డాక్టర్ రూపా బెనర్జీ బృందం 1,014 మంది పేగు రోగుల్ని పరిశీలించి, ఇక్కడ తెల్లకణాలు పడిపోవడాన్ని టీపీఎంటీ కంటే ఇదే బాగా ముందుగా చెప్తుందని 2020లో ప్రచురించింది.

మనలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ తేడా ఉంటుంది. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్క కాపీ వస్తే డోసు తగ్గించి జాగ్రత్తగా ఇస్తారు. రెండూ వస్తే సాధారణంగా వేరే మందే. పరీక్ష జీవితంలో ఒక్కసారి చాలు. అయితే మందు పనిచేస్తుందా లేదా అన్నది అది చెప్పదు, ముప్పును మాత్రమే చెప్తుంది. తేడా లేనివాళ్లకీ కణాలు తగ్గొచ్చు, కాబట్టి మొదటి వారాల్లో సీబీసీ తప్పించొద్దు. అది చిన్న ఊళ్లో కూడా చేస్తారు. జ్వరమొస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. యూరిక్ యాసిడ్‌కి అల్లోప్యూరినాల్ వాడుతుంటే అదీ ముందే చెప్పండి, రెండూ కలిస్తే ప్రమాదం.

మావాడి రిపోర్టు వచ్చింది. రెండు కాపీలూ తేడావే. ఇప్పుడు వేరే మందు మీద ఉన్నాడు, జుట్టు మళ్లీ మొలుస్తోంది.