జొన్నదంటు బండి

మొన్నటి వేసవిలో కోయిలకుంట్ల ప్రాంతమున నొక పల్లెకు పోయి, రైతులతో విత్తనపు తరుణమును గూర్చి ముచ్చటించుచుంటిమి. ఈ ప్రాంతము 2022 వరకు కర్నూలు జిల్లాలో నుండి, నేడు నంద్యాల జిల్లాలో చేరినది. మాటల నడుమ ‘కాడి’ యను పదము వచ్చెను. తండ్రి ప్రక్కన కూర్చుండిన నాలుగవ తరగతి బాలుడు “కాడి అంటే ఏంది సార్?” అని యడిగెను. తండ్రి నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

జొన్నదంటుతో బండి చేసి చూపుదమనుకొంటిమి. వీధియంతయు వెదకినను ఒక్క దంటు దొరకలేదు. ఎద్దులున్న యిల్లు లేదు గనుక చొప్పవామియు లేదు. తుదకు పాడిగేదె నుంచుకొన్న యొకరు, పొరుగూరినుండి కొనితెచ్చిన చొప్పకట్టలోనుండి నాలుగు దంట్లు తీసి యిచ్చిరి.

మా బాల్యమున, అనగా 1980 తరువాతి సంవత్సరములలో, మా పల్లెలో బొమ్మల కొట్టు లేదు. చొప్పవామియే మాకు బొమ్మల కొట్టు. దంటు బెరడును పండ్లతో చీల్చి, లోని బెండును వేరు చేయుదుము. చక్రములకు బెండు బిళ్ళలు, ఇరుసునకు బెరడు పుల్ల, నొగకు సన్నని దంటు, కాడికి మరియొక పుల్ల. బెరడు తగిలి పెదవి తెగిన దినములు పెక్కు. చక్రము వంకరయైనచో బండి ప్రక్కకు లాగును; ఇరుసు బిగువైనచో కదలనే కదలదు. ఈ పాఠము మాకెవరును చెప్పలేదు; బండియే చెప్పెను. ఆడుపిల్లలకు అచ్చనగండ్లాటకు గులకరాళ్ళు, వామనగుంటలకు చింతగింజలు చాలియుండెను.

జ్యేష్ఠమాసమున ఏరువాక వచ్చును. ఆదోని, ఆలూరు వైపు పల్లెలలో ఆ మాసపు అమావాస్యనాడు మట్టియెద్దులను చేసి పూజింతురు. పూజకు జత చేయగా మిగిలిన మన్ను పిల్లల పాలగును. మూపురము పెద్దదైనచో ఎద్దు ముందుకు వ్రాలును. కాళ్ళు సన్నమైనచో ఎండలో పగులును. ఇంటి యెద్దును కన్నులార చూడనిదే మట్టియెద్దు కుదురదు.

మేము మిషను బడిలో చదువుచుండగా ఒక క్రిస్మసు పండుగకు తాళము త్రిప్పెడి రేకుమోటారు బహుమానముగా వచ్చెను. వారము దినములు దానికంటె గొప్ప వస్తువు లోకమున లేదనుకొంటిమి. పిమ్మట లోపలి తీగచుట్ట తెగెను. బాగుచేయువారు లేరు, విప్పి చూచినను మాకు తెలియలేదు. దంటుబండి దినమునకు రెండుమార్లు విరిగెడిది. రెండుమార్లును మేమే కట్టుకొంటిమి.

ఇప్పుడు దంట్లేల కరవయ్యెను? ఈ నల్లరేగడిలో రబీపంటగా జొన్న విస్తారముగా విత్తుచుండిరి. 1999లో విడుదలైన జె.జి. 11 శనగ సుమారు నూరు దినములలో పండుటచే జొన్నచేలు శనగచేలయ్యెను. ట్రాక్టరు రాగా ఎద్దులు సంతకు పోయెను. శనగ విత్తుడని యిల్లిల్లు తిరిగినవారిలో మేమును ఒకరము. అందుకు చింతింపము. శనగ డబ్బుతో అప్పు తీరిన యిండ్లను, చదువుకొన్న బిడ్డలను ఎరుగుదుము. కాని ఎకరమునకు ఖర్చెంత, రాబడి యెంత యని లెక్కవ్రాసిన మేము, పిల్లవాని చేతిలోని దంటును ఆ లెక్కలో వ్రాయ మరచితిమి.

ఆ బాలునికి ప్లాస్టికు ట్రాక్టరు కలదు. తండ్రి ఫోనులో కారుపందెము కలదు. వానిని నిందింపము. ట్రాక్టరు నెరుగుట నేటి రైతుబిడ్డకు అవసరమే. కొనునపుడు మాత్రము ఐ.ఎస్.ఐ. గుర్తు చూడుడు. 14 ఏండ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి అది తప్పనిసరి. ఫోను విషయమున, రెండేండ్లలోపు శిశువులకు తెర తగదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపెను.

బాలుడు చేసిన బండి మొదట కుడివైపునకే పోయెను. సరిచేయుటకు మేము చేయి చాపబోతిమి. అంతలో వాడే చక్రమును ఊడబెరికి, వేరొక బిళ్ళ కోసి తగిలించెను. అప్పుడు తండ్రి ఫోనును జేబులో పెట్టి, కాడి నెట్లు కట్టవలెనో తానే చూపెను.

వేరుశనగ వేయు సభ్యులకు ఒక మనవి. 2000లో కాండము కుళ్ళు వైరసు తెగులు అనంతపురము జిల్లా పంటను పాడుచేసిన పిమ్మట, దానిని వ్యాపింపజేయు తామరపురుగులకు అడ్డుగా చేనిచుట్టు నాలుగు సాళ్ళు జొన్నగాని సజ్జగాని విత్తుడని శాస్త్రజ్ఞులు చెప్పిరి. మీరు జొన్నయే విత్తుడు. చేనికి కాపు, పశువునకు మేత. కోతనాడు మాత్రము పది దంట్లు పిల్లల చేతికిచ్చి, మిగిలినది మేతకు వేయుడు.