నిర్ణయమునకు ఇంగ్లీషు మాటలు

పిల్లవానిని ఏ మాధ్యమమున చదివింపవలెను, పదవ తరగతి పిదప ఏ కోర్సునకు పంపవలెను అను ప్రశ్నలు ప్రతి ఇంటను పుట్టునవే. వాటిని గూర్చి ఇంటిలో తెలుగున ఆలోచింతుము. బజారులో కన్నడమునను ఉర్దూలోను పదిమందిని అడుగుదుము. కడకు సంతకము చేయు కాగితము మాత్రము తరచుగా ఇంగ్లీషులో నుండును. కావున మనుష్యులు నిశ్చయమునకు వచ్చు తీరును ఇంగ్లీషువారు ఏయే మాటలతో చెప్పుదురో తల్లిదండ్రులకు కొంత విన్నవింప దలచితిమి.

"డిసైడ్" అను మాటకు మూలము లాటిను. అందు దానికి కోసివేయుట యని అర్థము. కత్తెరను తెలుపు "సిజర్స్" కూడ ఆ ధాతువు సంతతియే. అనేక త్రోవలలో ఒకదానిని నిలిపి తక్కినవాటిని నరికివేయుటయే నిర్ణయమని ఆ పూర్వుల భావము కాబోలు. ఇది మనకు క్రొత్త గాదు. "బేరము తెగినది", "తగవు తెగలేదు" అని మనమును అందుము గదా! ఉర్దూ "ఫైసలా"కు మూలమైన అరబ్బీ ధాతువునకును వేరుచేయుట యనియే అర్థము. మన జిల్లావారికి ఈ కోత అనుభవమున కూడ నున్నది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడినపుడు పాత బీదరు జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకును, ఉద్గీరు, నీలంగా, అహమ్మదుపూరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకును పోగా, మిగిలిన భాగము మైసూరున చేరినది. పాత రాష్ట్రమున అన్ని భాషలకంటె ఎక్కువమంది మాటాడుచుండిన తెలుగు, క్రొత్త రాష్ట్రమున అల్పసంఖ్యాకుల భాష యైనది.

కోయుటకు ముందు తూచుట యుండవలెను. "డెలిబరేట్" అను మాటలో త్రాసు దాగియున్నది. మేలును కీడును తూచుటను "ప్రోస్ అండ్ కాన్స్" చూచుట యందురు. 1772లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడు జోసెఫ్ ప్రీస్ట్లీకి వ్రాసిన జాబులో ఇందుకొక ఉపాయము చెప్పెను. కాగితము నడుమ గీత గీసి, ఒకవైపు అనుకూలములను, రెండవవైపు ప్రతికూలములను మూడు నాలుగు దినములపాటు తోచినప్పుడెల్ల వ్రాయవలెను. పిదప సమానమైన బరువు గలవాటిని ఇరువైపుల కొట్టివేయుచు పోగా, మిగిలినదానిని బట్టి నిశ్చయింపవలెను. మూడు దినముల గడువే ఇందలి కీలకమని మాకు తోచును. ఒక్క పూటలో అన్ని కారణములును జ్ఞప్తికి రావు.

ఎటును తేల్చుకొనలేనివానిని గూర్చి మన తెలుగుననే మాటలు దండిగా నున్నవి: ఊగిసలాడును, తటపటాయించును, మీనమేషములు లెక్కించును. ఇంగ్లీషున కంచెపై కూర్చున్నాడందురు. దీనిని మన "గోడమీది పిల్లి"తో సమానముగా పిల్లలు వ్రాయుదురు గాని, పూర్తిగా సరిపడదు. కంచెపైవాడు ఏ పక్షమునను చేరక యుండువాడు; మన పిల్లి యెటు లాభమో చూచి దూకుటకు సిద్ధముగా నుండునది.

మాటకు మాట పెట్టినచో నవ్వులపాలగుదుము. "స్లీప్ ఆన్ ఇట్" అనగా దానిమీద పండుకొనుట గాదు, తెల్లవారనిచ్చి చెప్పుట. "మేక్ అప్ యువర్ మైండ్" అనగా ఒక నిశ్చయమునకు రమ్మనుట. మేకప్పు అనగానే మనస్సునకు రంగు పూయుట యనుకొను పిల్లలు లేకపోలేదు!

ఇంకొక భేదము గమనింపదగినది. "పెండ్లి నిశ్చయమైనది" అందుము. ఎవరు నిశ్చయించిరో చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు "డిసైడెడ్"నకు ముందు సామాన్యముగా కర్త యుండవలెను. "మావాడు సైన్సులో చేరుట ఖాయమైనది" అను వాక్యమును ఇంగ్లీషు చేయబోయినపుడు, నిశ్చయించినది వాడా, తండ్రియా, మేనమామయా యను ప్రశ్న వచ్చును. వచ్చుట మంచిదే. కన్నడమున "నిర్ధార" అనగా నిర్ణయము. తెలుగున "నిర్ధారణ" అనగా నిజమని తేల్చుట. మన పిల్లలు ఈ రెంటిని కలిపివేయుచున్నారు.

"చాయిస్" అను మాట చట్టమునందును ప్రవేశించినది. ప్రాథమిక తరగతుల మాధ్యమమును ఎన్నుకొను హక్కు బిడ్డ పక్షమున తల్లిదండ్రులదే యనియు, ప్రభుత్వము మాతృభాషను బలవంతపెట్టరాదనియు 2014 మే 6న, కర్ణాటకకు సంబంధించిన వ్యాజ్యమున, సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని "హాబ్సన్స్ చాయిస్" అను పలుకుబడి యొకటి కలదు. థామస్ హాబ్సన్ కేంబ్రిడ్జిలో గుఱ్ఱములను అద్దెకిచ్చువాడు, 1631లో మరణించెను. గుఱ్ఱములు ఎన్ని యున్నను, వాకిలికి దగ్గరనున్నదానినే తీసికొనవలెను, లేదా నడచి పోవలెనని అతని నియమము. తెలుగు ఉపాధ్యాయుడు లేని గ్రామమున తండ్రికి మాధ్యమమును ఎన్నుకొను హక్కు ఇట్టిదే. అతడు ఇంగ్లీషును కోరెనని లెక్కలలో పడును. కోరుటకు తెలుగు అక్కడ లేదని పడదు.

ఇక దరఖాస్తులలోని మాటలు. "ఆప్షన్" అనగా కోరుకొనినచో తీసికొనదగినది, తప్పనిసరి గాదు. "ప్రిఫరెన్స్" అనగా ముందు వెనుకల వరుస. అన్నిటికంటె ఇష్టమైనదానిని మొదట వ్రాయవలెను, ఇరుగుపొరుగువారు వ్రాసినదానిని కాదు. "కన్సెంట్" మన నిర్ణయము గాదు, ఇతరుల నిర్ణయమునకు మన సమ్మతి. "అండర్‌టేకింగ్" అనగా ఇట్లు చేసెదనని హామీ; తప్పినచో మనలను అడుగుదురు. ఈ నాలుగింటిలో ఏది కనబడినను సంతకమునకు ముందు ఆ కాగితమును పాఠశాలకు తెచ్చినచో, మేము చదివి తెలుగున చెప్పెదము.