ఇంటి పునాదికి స్క్రూ పైలా, కాంక్రీటా?

ఇల్లు కట్టదలచినవారు ద్వారబంధముల కొయ్యను గూర్చియు, గచ్చు రంగును గూర్చియు పదిమందిని విచారింతురు. పునాదిని గూర్చి మాత్రము మేస్త్రీ మాటయే చివరి మాట. ఒకసారి పూడ్చిన పిమ్మట కంటికి కానరాదు గనుక కాబోలు, దానిపై మనకు శ్రద్ధ తక్కువ. కొయ్య చెడినచో మార్చుకొనవచ్చును. పునాది చెడినచో ఒక కుటుంబము జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము గోడల బీటలలో కలిసిపోవును.

ఈ ప్రమాదము నల్లరేగడి నేలలో అధికము. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములందు ఈ నేల విస్తారముగా ఉన్నది. పత్తికి ఇది బంగారమే. ఇంటికి మాత్రము నమ్మరానిది. వానకాలమున ఈ మన్ను నీటిని పీల్చి ఉబ్బును. ఎండకాలమున కుంచించుకొని నెర్రెలు విచ్చును. వేసవిలో మూడడుగుల లోతున పునాది వేసి గోడలు లేపినామనుకొందము. అది కదలెడు పొరలోనే నిలిచియున్నది. వానలకు ఇంటి చుట్టునున్న నేల తడిసి పైకి లేచును. కప్పు క్రింద నున్న నేల అంతగా తడియదు. నేల అంతయు ఒకే రీతిని లేచినచో హాని లేదు. ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా లేచుటచేతనే కిటికీ మూలలనుండి ఏటవాలు బీటలు బయలుదేరును, తలుపులు బిగిసికొనును. సిమెంటు పూసి వెల్ల వేసినను మరుసటి యేడు అదేచోట బీట మరల కనబడును.

దీనికి నమ్మదగిన ఉపాయము, ఇంటి బరువును ఆ పొరను దాటించి, ఏడాది పొడుగునను తేమ అంతగా మారని లోతునకు చేర్చుట. ఈ పనిని ఉక్కుతో చేయవచ్చును, కాంక్రీటుతోను చేయవచ్చును.

ఉక్కుతో చేసెడు విధానమే స్క్రూ పైలు. ఇది పెద్ద మరమేకు వంటిది. ఉక్కు గొట్టమునకు క్రింది భాగమున మెలిక తిరిగిన పలక అమర్చి, యంత్రముతో త్రిప్పుచు నేలలోనికి దింపుదురు. యౌవనముననే చూపు కోల్పోయిన అలెగ్జాండర్ మిచెల్ అను ఐర్లండు దేశస్థుడు 1833లో దీనికి పేటెంటు పొందెను. థేమ్సు నదీముఖమున మాప్లిన్ ఇసుకతిన్నెలపై ఇట్టి పైళ్ళ మీద కట్టిన దీపస్తంభము 1841లో వెలిగెను. మదరాసు తీరమున 1861లో పూర్తియైన ఇనుప పీరును ఇట్టి పైళ్ళపైననే నిలిపిరి. నేడు కెనడా, ఆస్ట్రేలియా మున్నగు దేశములందు ఇండ్లకును వీనిని వాడుచున్నారు.

దీని సుగుణములు పెక్కు. గోతులు త్రవ్వ నక్కరలేదు. నీరూరెడు నేలలోను పని ఆగదు. దింపిన నాడే బరువు మోపవచ్చును. యంత్రము ఎంత బలముతో త్రిప్పవలసి వచ్చినదో కొలిచి, పైలు ఎంత మోయగలదో అంచనా కట్టుదురు. సన్నని నున్నని గొట్టమును ఉబ్బెడు మన్ను గట్టిగా పట్టుకొనలేదు. లోతున నున్న పలక లంగరువలె ఆపును. అయితే గుండ్లు, పరుపురాయి ఉన్నచోట ఇది దిగదు. చౌడులోను, సముద్రతీరమునను ఉక్కునకు త్రుప్పు భయము మెండు. జింకు పూత దానిని ఆలస్యము చేయునే గాని శాశ్వతముగా ఆపదు. ఇటుక గోడలు గల మన ఇండ్లకు పైళ్ళ తలలను కలుపుచు దూలము వేయక తప్పదు.

కాంక్రీటు విధానములలో రేగడికి తగినది అండర్ రీమ్డ్ పైలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీనిని అభివృద్ధిపరచినది; 1973లో భారతీయ ప్రమాణములందు దీనికొక భాగము ఏర్పడినది. చేతితో త్రిప్పెడు బరమాతో గుంత తొలిచి, అడుగున దానిని గంటవలె వెడల్పు చేసి, ఇనుప చువ్వలు దింపి కాంక్రీటు పోయుదురు. గుంత అడ్డుకొలత 30 సెంటీమీటర్లైనచో అడుగున వెడల్పు సాధారణముగా 75 సెంటీమీటర్లుండును. లోతైన రేగడిలో కనీసము మూడున్నర మీటర్లు దిగవలెను. పైళ్ళపై దూలమునకును నేలకును నడుమ సుమారు 8 సెంటీమీటర్ల ఖాళీ విడువవలెను. మన్ను ఉబ్బుటకు చోటు అదియే. మట్టితో పూడ్చినచో ఫలితము పోవును. తొలిచిన గుంతను శుభ్రపరచి వెంటనే కాంక్రీటు నింపవలెను. ఆలస్యమైనచో అంచులు విరిగి పడును.

ఇక ఎన్నిక ఎట్లు? కొద్ది లోతుననే గట్టి మొరము తగిలినచో రెండు పైళ్ళును అనవసరము. సామాన్యమైన పునాది చాలును. లోతైన రేగడిలో ఇటుక గోడల క్రొత్త ఇంటికి అండర్ రీమ్డ్ పైలు మేలు. నీరూరెడు నేలయందును, గొయ్యి త్రవ్వినచో ప్రక్కవారి గోడకు ప్రమాదము కలుగునంతటి ఇరుకైన స్థలమునందును స్క్రూ పైలును ఆలోచింపవచ్చును. అయితే యంత్రమును, పని తెలిసినవారును దొరకుదురో లేదో ముందే విచారింపవలెను.

అన్నింటికంటె ముందు మన్నును పరీక్షింపవలెను. జల్లించిన ఎండుమట్టిని రెండు గాజు జాడీలలో సమానముగా వేసి, ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరోసిను పోసి 24 గంటలుంచుదురు. కిరోసినులో మన్ను ఉబ్బదు. నీటిలోని మన్ను దానికంటె ఎంత ఎత్తుగా నిలిచినదో అంత ప్రమాదమని తెలియవలెను. ఇంటి వ్యయముతో పోల్చినచో ఈ పరీక్షకగు ఖర్చు స్వల్పము. స్థలమున ముగ్గు పోయుటకు ముందే ఇంజనీరుచే దీనిని చేయించి, ఆ ఫలితము చేతబట్టుకొని మేస్త్రీతో మాటాడుదము.