ఇంట్లో తయారయ్యే ట్రైలరు లారీ



క్యాసంబళ్ళి చుట్టుపక్కల ఉండేవారికి పెద్ద లారీలు కొత్తేమీ కాదు. బెంగళూరు నుంచి చెన్నై రేవుకు సరుకు మోసే ట్రైలరు లారీలు కోలారు, ముళబాగిలు మీదుగా రాత్రింబగళ్ళు పోతూనే ఉంటాయి. ముందు ఇంజను, కేబిను ఉన్న బండి ఒకటి, వెనక తగిలించిన పొడవాటి ట్రైలరు ఒకటి. మలుపులో అది నడుము వంచి తిరుగుతుంటే పిల్లలే కాదు, పెద్దలూ నిలబడి చూస్తారు. ఆ లారీని పద్నాలుగో వంతుకు కుదించి, తీగ లేకుండా దూరం నుంచి నడిపేలా ఇంట్లోనే ఎలా తయారుచేయవచ్చో ఈవేళ చెప్పుకుందాం. పెన్సిలు, కాగితం దగ్గర పెట్టుకోండి. కొన్ని అంకెలు రాసుకోవాలి.

పద్నాలుగో వంతే ఎందుకు? జపానుకు చెందిన టమియా కంపెనీ 1993లో కింగ్ హాలర్ అనే అమెరికా తరహా లారీని ఈ కొలతలోనే విడిభాగాల పెట్టెగా విడుదల చేసింది. తర్వాత ఈ కొలత చాలా దేశాల్లో వాడుకలోకి వచ్చింది. కాని అలాంటి పెట్టె తెప్పించుకోవాలంటే ఖర్చు మంచి పాడి ఆవు ధరకు దగ్గర పడుతుంది. పైగా అందులో వచ్చేది అమెరికా లారీయో, యూరపు లారీయో. మన దారిలో పోయే లేలాండు, ముందర నిమ్మకాయలు కట్టి, వెనక హారను కొట్టమని రాసుకున్న లారీ, అందులో దొరకదు. అది కావాలంటే మనమే చేసుకోవాలి.

మొదట అసలు లారీని కొలవండి. డాబా ముందు ఆగిన లారీ దగ్గరికి వెళ్ళి, "అన్నా, కొంచెం కొలతలు తీసుకుంటాను" అని అడిగితే కాదనే డ్రైవరు తక్కువ. ప్రతి కొలతనూ 14తో భాగించండి. నలభై అడుగుల కంటెయినరు పొడవు 12 మీటర్ల 19 సెంటీమీటర్లు. మన నమూనాలో అది 87 సెంటీమీటర్లు అవుతుంది. వెడల్పు పదిహేడున్నర, ఎత్తు పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు. మీటరు పైచిలుకు ఉండే టైరు ఏడున్నర సెంటీమీటర్లకు వస్తుంది.

బరువు మాత్రం ఇలా తగ్గదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కనుక 14ను మూడుసార్లు గుణించి, అంటే 2744తో భాగించాలి. సరుకుతో 40 టన్నులుండే లారీ నమూనాలో పద్నాలుగున్నర కిలోలు తూగాలి. అట్టపెట్టెలాగా తేలిగ్గా చేస్తే చిన్న రాయి తగిలినా ఎగురుతుంది, బొమ్మ అని తెలిసిపోతుంది. లారీ లారీలా కదలాలంటే దానికి బరువు కావాలి. ఒక్కసారిగా పద్నాలుగు కిలోలు పెట్టనక్కరలేదు, ఏడెనిమిదితో మొదలుపెట్టండి.

ఇక వేగం. దుకాణంలో దొరికే రేసు కారు మోటారు పెడితే ఈ లారీ కుక్కపిల్లలా పరుగెత్తుతుంది. రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లు పోయే లారీ నమూనాలో గంటకు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. మనిషి నడిచే వేగం అన్నమాట. ఏడున్నర సెంటీమీటర్ల చక్రం ఒక చుట్టు తిరిగితే ఇరవై మూడున్నర సెంటీమీటర్లు సాగుతుంది. లెక్క వేస్తే నిమిషానికి సుమారు 300 చుట్లు. 12 వోల్టుల గేరు మోటార్లలో 300 చుట్లవి సులువుగానే దొరుకుతాయి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఇలాంటి సామాను అమ్మే అంగళ్ళు వరుసగా ఉన్నాయి. మోటారును ఛాసిస్ కింద అడ్డంగా బిగించి, సమానమైన పళ్ళున్న రెండు చక్రాలతో వెనక ఇరుసుకు కలపండి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కనుక పాత బొమ్మ కారు నుంచి తీసిన డిఫరెన్షియల్ పెడితే మేలు.

ఛాసిస్‌కు ఇనుము వద్దు. కిటికీలు చేసే అంగడిలో మిగిలిన అల్యూమినియం చానల్ ముక్కలు రెండు చాలు. వాటి మధ్య వెడల్పు ఆరు సెంటీమీటర్లు. స్ప్రింగు పట్టీలకు సరుకు మూటలను బిగించే ఉక్కు పట్టీని ముక్కలుగా కోసి, ఒకదాని కింద ఒకటి పేర్చండి. టైర్లకు మన పల్లె పిల్లల పద్ధతే ఉంది కదా, అరిగిన హవాయి చెప్పులు! రెండు పొరలు అతికించి గుండ్రంగా కోసి, డ్రిల్లింగు మిషనులో తిప్పుతూ ఉప్పుకాగితంతో రుద్దితే చక్కటి టైరు వస్తుంది. ముందు రెండు, వెనక నాలుగు, ట్రైలరుకు ఎనిమిది. పద్నాలుగు చేయాలి కనుక ఓపిక కావాలి.

కేబినుకు నాలుగు అంగుళాల పి.వి.సి. పైపును నిలువునా చీల్చి, మరిగే నీళ్ళలో మెత్తబరచి, రెండు పలకల మధ్య నొక్కండి, చదునైన రేకు తయారవుతుంది. దాన్ని మంట మీద మాత్రం కాల్చకండి, వచ్చే పొగ ఊపిరితిత్తులకు హాని. అతికించడానికి పైపులకు వాడే సిమెంటే చాలు.

ఇక్కడ ఒక మాట. బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. గని వర్క్‌షాపుల్లో లేతు నడిపినవారు, ఫిట్టర్లు చాలామంది ఇప్పుడు పెద్దవయసువారు. బెమెల్ ఫ్యాక్టరీలో పనిచేసి విరమించినవారూ మన చుట్టూ ఉన్నారు. వెంట్రుకవాసి తేడాను వేలితో తడిమి చెప్పగల చేతులవి. ఇరుసు నిటారుగా ఉందో లేదో ఎలా చూడాలి, ఆకురాయి ఏ వైపుకు నెట్టాలి, ఇవి పుస్తకం చదివితే పట్టుబడవు. వారి పిల్లలు, మనవలు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు, పక్కన కూర్చుని నేర్చుకునే తీరిక ఎవరికీ లేదు. మీ వీధిలో అటువంటి తాత ఉంటే ఈ లారీ సాకుతో ఆయన దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చోండి.

ఇప్పుడు రేడియో సంగతి. నికోలా టెస్లా 1898లోనే న్యూయార్కులో చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపించాడు. నేడు వాడే సెట్లు 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, తక్కువ శక్తితో వాడితే మన దేశంలో వీటికి లైసెన్సు అక్కరలేదు. చేతిలోని పెట్టె ట్రాన్స్‌మిటరు, లారీలోనిది రిసీవరు. రిసీవరు నుంచి స్టీరింగు సర్వోకు సెకనుకు సుమారు 50 విద్యుత్ తట్లు పోతాయి. తట్టు సెకనులో వెయ్యో వంతుకు ఒకటిన్నర రెట్లు ఉంటే చక్రాలు నేరుగా ఉంటాయి. ఒక రెట్టయితే ఒక పక్కకు, రెండు రెట్లయితే మరో పక్కకు తిరుగుతాయి. మోటారు వేగాన్ని హెచ్చించి తగ్గించే కంట్రోలరు వేరే ఉంటుంది. అది 12 వోల్టులకు తట్టుకునేదో కాదో అడిగి కొనండి. 1.2 వోల్టుల నికెల్ సెల్లులు పది వరసగా కలిపితే 12 వోల్టులు వస్తాయి. లిథియం బ్యాటరీ తేలిక, కాని దానికి తగిన ఛార్జరు ఉండాలి, ఛార్జింగులో పెట్టి నిద్రపోకూడదు.

కేబినును, ట్రైలరును కలిపే పలకను ఫిఫ్త్ వీల్, అంటే అయిదో చక్రం, అంటారు. గుర్రపు బండ్ల కాలం నాటి పేరది, నాలుగు చక్రాల బండి ముందు ఇరుసు అడ్డంగా పడుకోబెట్టిన కమ్మీ మీద తిరిగేది. అసలు లారీలో ట్రైలరు కింద రెండంగుళాల లావు మేకు ఉంటుంది, మనకు నాలుగు మిల్లీమీటర్ల బోల్టు చాలు. పలక ముందుకూ వెనక్కూ కొంచెం ఊగాలి. గట్టిగా బిగిస్తే గట్టు ఎక్కేటప్పుడు వెనక చక్రాలు గాలిలోకి లేస్తాయి.

నడిపేటప్పుడు ముందు ట్రాన్స్‌మిటరు వేసి, తర్వాత లారీ స్విచ్చి వేయండి. ఆపేటప్పుడు ముందు లారీ, తర్వాత ట్రాన్స్‌మిటరు. ముందుకు నడపడం ఒక పూటలో వస్తుంది. వెనక్కి నడపడమే అసలు పరీక్ష. ట్రైలరు తోక ఎడమకు పోవాలంటే మొదట స్టీరింగు కుడికి తిప్పాలి, అది వంగడం మొదలవగానే ఎడమకు తిప్పి వెంటబడాలి. ఆలస్యమైతే బండి రెండుగా మడిచి కేబినుకు గుద్దుకుంటుంది. ఎడ్లబండిని కొట్టంలోకి వెనక్కి తోసినవారికి ఈ సూత్రం చేతుల్లోనే ఉంటుంది. కళ్ళంలో రెండు ఇటుకలు అడుగు దూరంలో పెట్టి, వాటి మధ్యకు ట్రైలరును తగలకుండా వెనక్కి తెచ్చి చూడండి. వచ్చాక ఇటుకలను ఇంకొక అంగుళం దగ్గరికి జరపండి.