అవసరమును బట్టి రైలుమార్గ సంరక్షణ

1864లో జోలార్పేట నుండి దండు ప్రాంతము వరకు పరచిన పట్టాలపై బెంగళూరునకు మొదటి రైలు వచ్చినది. కుప్పము మీదుగా పోవు ఆ మార్గమును, హిందూపురము వైపు మార్గమును ఇచ్చటి తెలుగువారు ఇంటిదారిగనే ఎరుగుదురు. ఆ దారిని కాపాడు విధానము మాత్రము కొందరికే తెలియును.

పూర్వము గ్యాంగు పనివారు తమ వంతు మార్గమున ఒక కొస నుండి మరియొక కొస వరకు, పంచాంగము చూచి చేసినట్లు, ప్రతి స్లీపరు క్రింది కంకరను త్రవ్వి మరల దట్టించెడివారు. చెడిన చోటికిని, బాగున్న చోటికిని భేదము లేదు. వారిని నిందింపరాదు, కొలుచు సాధనములు అప్పుడు తక్కువ. కాని ఇందు వ్యర్థశ్రమయే గాక అపాయమును కలదు. బండ్ల బరువునకు అణగి, రాతికి రాయి పట్టు కుదిరిన కంకరయే పట్టాలను ప్రక్కకు జరుగనీయదు. దానిని ఊరక కదలించినచో ఆ పట్టు సడలును. వెల్డింగు చేసి కలిపిన పొడవైన పట్టాలు వేసవిలో సాగుటకు చోటు లేక అట్టి తావుననే వంకరపోవును.

అందుచేత నేడు ముందు కొలత, తరువాత పని. ట్రాక్ రికార్డింగ్ కారు పట్టాల ఎడమును, ఎత్తుపల్లములను నమోదు చేయును. లోపలి పగుళ్లను అల్ట్రాసోనిక్ పరీక్ష పసిగట్టును. ఏ చోట ఎంత పని కావలెనో దానిని బట్టి గ్యాంగునకు నిర్దేశింతురు. బెంగళూరు పీఠభూమి నుండి జోలార్పేటకు దిగు మార్గపు వంపులలో బయటి పట్టా త్వరగా అరుగును. తిన్నని మార్గమునకు ఆ చిక్కు లేదు.

యంత్రము నిత్యము రాదు. ప్రతిదినము తన బీటు అంతయు నడచి, సడలిన బిగింపులను సుత్తితో సరిచేయువాడు కీమన్. పట్టా విరిగినట్లు కన్నచో ఎఱ్ఱజెండాతో బండికి ఎదురు పరుగిడువాడును అతడే.