బావినీటి రహస్యము

ప్రాణికోటికి నీరు జీవనాధారము. నడివేసవిలో సైతము ఎండని బావి గల గ్రామము భాగ్యవంతమైన గ్రామమని మన పెద్దలు తలచెడివారు. కాని అద్దమువలె తేటగా నున్న బావినీరే త్రాగినవారి నడుమును వంచివేసిన గ్రామములు మన దేశమున అనేకములు కలవు. అచటి పిల్లల దంతములపై పసుపుపచ్చని మచ్చలును, గోధుమవన్నె చారలును కనిపించును. వయస్సు వచ్చిన కొలది కీళ్లు బిగిసిపోవును. మెడ త్రిప్పుట కష్టమగును. కొందఱు నడివయస్సుననే నడుము వంగి చేతికఱ్ఱ పట్టుదురు. ఇది పూర్వజన్మ పాపఫలమని కొందఱును, వంశదోషమని కొందఱును భావించి ఊరకుండిరి. కారణము తెలియని కష్టమునకు విధి యని పేరు పెట్టుట మనుష్యుల అలవాటు.

ఈ కష్టమునకు కారణమును వెదకిన కథ మన దేశమునకు చాల దూరమున, అమెరికాలో ప్రారంభమైనది. 1901వ సంవత్సరమున ఫ్రెడరిక్ మెకే అను యువ దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ అను పట్టణమునకు వచ్చెను. అచట పుట్టి పెరిగిన వారిలో పెక్కుమంది దంతములపై గోధుమవన్నె మచ్చలు అతనికి కనబడెను. పెద్దవారైన పిదప ఆ పట్టణమునకు వచ్చి స్థిరపడిన వారికి మాత్రము అట్టి మచ్చలు లేవు. కావున దంతములు ఏర్పడు బాల్యముననే ఏదో దోషము కలుగుచున్నదని అతడు గ్రహించెను. క్రమముగా అతని అనుమానము త్రాగునీటిపై నిలిచెను. కాని ఆనాటి పరీక్షలలో నీటియందు ఏ దోషమును కానరాలేదు. అయినను మెకే తన ప్రశ్నను విడిచిపెట్టలేదు. తుదకు 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, ఇట్టి మచ్చలు గల మఱియొక ఊరి నీటిని నూతన పద్ధతిలో పరీక్షించి, అందు ఫ్లోరైడు అధికముగా నున్నదని కనుగొనెను. మెకే పంపిన నీటియందును అదియే బయల్పడెను. ఒక్క ప్రశ్నకు సమాధానము దొరకుటకు ముప్పది సంవత్సరములు పట్టినది!

ఆ సమాధానము సముద్రములు దాటి మన గ్రామములకును ఉపకరించినది. 1937లో షార్టు మొదలగు వైద్యపరిశోధకులు ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించిరి. వారి దంతములనే గాక వెన్నెముకను సైతము చెఱచుచున్నది త్రాగునీటిలోని ఫ్లోరైడే యని లోకమునకు తెలిపిరి. అంతవరకు విధి యనుకొన్నదానికి ఫ్లోరోసిస్ అను పేరు వచ్చినది. పేరు తెలిసిన శత్రువుతో పోరాడవచ్చును గదా!

ఫ్లోరైడు బావిలోనికి ఎట్లు వచ్చుచున్నది? మన మెట్టప్రాంతముల అడుగున గ్రానైటు శిలలు కలవు. వానిలోని కొన్ని ఖనిజములందు ఫ్లోరైడు ఉండును. నీరు శిలల సందులలో చిరకాలము నిలిచినపుడు అది కొంచెము కొంచెముగా నీటిలో కరగును. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. దానికి రంగు లేదు, వాసన లేదు. గుడ్డతో వడగట్టినను అది పోదు. నీరు కాచినచో రోగక్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గుటచే, మిగిలిన నీటిలో దాని పాలు మఱింత పెరుగును. ఒకసారి వంకరపోయిన ఎముకలను మందు లిచ్చి మునుపటివలె చేయజాలము. కావున రోగము రాకుండ చూచుకొనుటయే మార్గము.

నల్లగొండ జిల్లా ఈ బాధను మిక్కిలి అనుభవించినది. అచటి బాలురకు, యువకులకు మోకాళ్లు ఒకదానితో నొకటి ఒరయునట్లు కాళ్లు వంకరపోవుటను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించి, 1973లో ప్రకటించిరి. ఆ దశాబ్దముననే నాగపురములోని నీరి అను పరిశోధన సంస్థ ఫ్లోరైడును తొలగించు సులభోపాయమును రూపొందించెను. నీటిలో తగుపాళ్లలో సున్నము, బ్లీచింగు పొడి, పటిక కలిపి బాగుగా త్రిప్పవలెను. అపుడు నీటిలో తెట్టెవంటి తునకలు ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పిదప పైనున్న తేటనీటిని వేఱుచేసి త్రాగవచ్చును. ఈ ఉపాయము నల్లగొండ పద్ధతి యను పేరుతో ఇతర దేశములలోను ప్రసిద్ధి కెక్కినది.

కాని ఉపాయము కనుగొనుటతో పని ముగియలేదు. ఏ బావిలో ఎంత ఫ్లోరైడు కలదో కొలిచి, దానికి తగినంత పటిక ప్రతిదినము వేయువారు కావలెను. అడుగున దిగిన మడ్డిని దూరముగా పాతిపెట్టవలెను. ఈ శ్రద్ధ లేనిచోట్ల యంత్రములుండియు నీరు మారలేదు. అందుచే నదీజలములనే ఇంటింటికి తేవలెనని బాధితులు ఏండ్ల తరబడి కోరిరి. తెలంగాణమున 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ద్వారా కృష్ణానది నీరు నల్లగొండ గ్రామములకు గొట్టములలో చేరినది.

దంతవైద్యుడు ప్రశ్నించెను, రసాయన శాస్త్రజ్ఞుడు కొలిచెను, వైద్యులు రోగమును గుర్తించిరి, ఇంజనీర్లు ఉపాయము చూపిరి, ప్రజలు నీటికై పట్టుబట్టిరి. వీరిలో ఏ ఒక్కరు లేకున్నను ఈ పని నెరవేరెడిది కాదు. కొలరాడో పిల్లల మచ్చలను చూచిన మెకే, తన ప్రశ్న నల్లగొండ పిల్లల కాళ్లను కాపాడుటకు పనికివచ్చునని కలనైన తలచియుండడు. పరిశోధన మహిమ ఇట్టిది.

విద్యార్థులారా! మీ ఊరి బావినీరు తేటగా నున్నదని తృప్తిపడకుడు. దానిని పరీక్షించిరా యని పెద్దల నడుగుడు. మెకే మొదట చేసినదియు ప్రశ్న నడుగుటయే.