వేట నుంచి సేద్యానికి: బూడిద దిబ్బలు చెప్పే సంగతి

మన కవుల్లో, కథకుల్లో చాలామందికి ఆదిమానవుడంటే ఇష్టం. దీర్ఘకవిత మొదటి భాగంలో అతను రాతి గొడ్డలితో జింక వెంట పడతాడు. రెండో భాగానికల్లా నాగలి పడతాడు. మూడో భాగంలో రాజూ, పురోహితుడూ, పన్నూ దిగిపోతాయి. చారిత్రక భౌతికవాదాన్ని మేడమెట్లలాగా అర్థం చేసుకుంటే వచ్చే చిక్కు ఇది. ఇతరులను అనడమెందుకు, తరగతిలో నేనూ చాలా ఏళ్ళు ఇలాగే చెప్పాను. "మానవుడు వ్యవసాయం కనిపెట్టాడు, స్థిరనివాసం ఏర్పరచుకున్నాడు" అన్న వాక్యం దగ్గర ఒకనాడు ఒక పిల్ల లేచి, "గింజ పడితే మొలుస్తుందని అప్పటిదాకా వాళ్ళకి తెలీదా మాస్టారూ?" అని అడిగింది.

తెలుసు. ఏరుకొని తినేవాళ్ళకి ఏ గడ్డి ఎప్పుడు గింజ పడుతుందో, ఏ దుంప ఎక్కడ ఊరుతుందో మనకన్నా బాగా తెలుసు. తెలివి చాలక సేద్యం చెయ్యలేదనడం పొరపాటు. పైగా స్థిరపడడానికి సేద్యమే కారణమన్నదీ అన్నిచోట్లా నిజం కాదు. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున అబూ హురైరా అనే దిబ్బను 1972-73లో, ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయే ముందు తవ్వారు. అక్కడ ముందు ఊరు, తర్వాత పంట. వేటాడుతూ, అడవి గింజలు ఏరుకుంటూనే జనం ఒకచోట కాపురమున్నారు.

"నవశిలాయుగ విప్లవం" అన్న మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు గార్డన్ చైల్డ్. 1936 నాటి 'మ్యాన్ మేక్స్ హిమ్‌సెల్ఫ్' పుస్తకం మన తరంలో చాలామందికి కళ్ళు తెరిపించింది. కాని విప్లవం అనగానే మనకు ఒక రాత్రి, ఒక తిరుగుబాటు తోస్తాయి. ఇది అలాంటిది కాదు. అడవి గోధుమ పండగానే వెన్ను విడిపోయి గింజ రాలిపోతుంది. అదే దాని సంతానానికి దారి. కోసి, మోసుకొచ్చి, మళ్ళీ చల్లుతూ పోతే చేతికి దక్కేవి రాలని వెన్నుల గింజలే ఎక్కువ. మరుసటేడు అవే మొలుస్తాయి. ఎవరూ తలపెట్టకుండానే మొక్క మనిషి మీద ఆధారపడింది, మనిషి మొక్క మీద. పశ్చిమాసియాలో ఈ మార్పు పూర్తి కావడానికి సుమారు రెండువేల ఏళ్ళు పట్టింది. ఇందులో కనిపెట్టినవాడంటూ ఎవడూ లేడు.

బతుకు సుఖపడిందా? అబూ హురైరా ఎముకల్లో మోకాళ్ళు, కాలివేళ్ళు అరిగినవి కనబడ్డాయి. రోజూ గంటల తరబడి మోకాళ్ళ మీద కూర్చుని తిరగటిరాయి మీద గింజలు నూరినందువల్ల వచ్చిన అరుగుదల అది. ఎక్కువగా ఆడవాళ్ళదే. ఉత్పత్తి శక్తులు పెరిగాయని మనం ఒక్క ముక్కలో రాసేసే చోట ఈ మోకాళ్ళున్నాయి.

మన దగ్గరికి వద్దాం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే ఊరుంది (ఆదిలాబాదు ఉట్నూరు కాదు). అక్కడి బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వాడు. ఇలాంటి దిబ్బలు రాయచూరు, బళ్ళారి, అనంతపురం వైపు చాలా ఉన్నాయి. జనం వీటిని రాక్షసుల అస్థికలన్నారు. హంపి దగ్గరి నింబాపురం దిబ్బ వాలిని దహనం చేసిన బూడిద అన్నారు. కాలిన పేడ అని మొదట గట్టిగా చెప్పినవాడు బ్రూస్ ఫూట్, పంతొమ్మిదో శతాబ్దంలోనే. సూక్ష్మదర్శిని పరీక్షలు తర్వాత అదే తేల్చాయి. ఉట్నూరులో దుంగలు పాతి కట్టిన పశువుల దొడ్డి, దానిలో పేరుకున్న పేడ, దాన్ని తగలబెట్టిన పొర, మళ్ళీ దొడ్డి, మళ్ళీ మంట బయటపడ్డాయి. బూడిదలో గిట్టల అచ్చులు కూడా నిలిచాయి. ఎందుకు తగలబెట్టారన్నది వాదన. ఆల్చిన్ ఏటేటా వచ్చే పండుగ మంట అనుకున్నాడు.

క్రీ.పూ. 3000 నుంచి 1200 దాకా సాగిన ఈ సంస్కృతిలో పశువూ పంటా కలిసే నడిచాయి. పంట అంటే వరి కాదు. అండుకొర్రలు, ఉలవలు, పెసలు. ఇవి బయటినుంచి తెచ్చుకున్నవి కావు, ఇక్కడి మెట్టనేలలో పుట్టినవి. గోధుమ, బార్లీ తర్వాత కొద్దిగా వచ్చాయి. నాగలి ఆనవాలు లేదు. కర్రతో పెళ్ళగించి చల్లి ఉంటారు. బుడిహాళ్‌లో పద్దయ్య గారి తవ్వకాల్లో దిబ్బ పక్కనే ఇళ్ళు, పశువులను కోసిన నేల కూడా కనబడ్డాయి. గోవు ఎప్పుడూ పూజకే అన్నవాళ్ళు ఆ నేల చూడాలి.

మరి ఆస్తి? ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇప్పటికీ పశువును సొమ్ము అంటారు. ఆ మాట ఈ దిబ్బల కాలం నాటిదని నేననను. ఆ మనుషులు ఏ భాష మాట్లాడారో చెప్పే రాత ఒక్కటీ లేదు. అయితే దొడ్డి అన్నాక 'మా మంద, మీ మంద' అన్న తేడా తప్పదు. దాన్ని పట్టుకొని వెంటనే వర్గ సమాజం వచ్చేసిందని రాయడం మాత్రం తొందరపాటు. గాదె, మంద, వాటి కాపలా, వాటి పంపకం: వీటి మధ్య తరాల తరబడి జరిగిన లాగులాట ఉంది. మన నవలల్లో ఇంతవరకు రానిది ఆ లాగులాటే. వేటగాడు, రైతు అనే రెండు బొమ్మలు గీయడం తేలిక. ఉదయం ఉలవచేను చూసుకొని, సాయంత్రం ఉచ్చు వేసి, ఎండాకాలం మంద వెంట పోయే ఒకే మనిషిని గీయడం కష్టం.

బళ్ళారి దగ్గర కుప్‌గల్ కొండమీద వాళ్ళు నల్లరాతిపై చెక్కిన ఎద్దుల బొమ్మలున్నాయి. అక్కడి కొన్ని బండలు రాయితో కొడితే గంటలా మోగుతాయి. కొట్టిన గుంటలు ఇంకా కనబడతాయి. ఈ శతాబ్దంలో ఆ కొండను కంకరకోసం పగలగొట్టారు. బూడిద దిబ్బలను చాలాచోట్ల రైతులే బళ్ళకెత్తి పొలాలకు ఎరువుగా తోలుకున్నారు.